నచ్చలేదని చెప్పడానికి జంకెందుకు?

నచ్చిన పుస్తకం, నచ్చని పుస్తకం గురించి రాయమని గత సంచికలో అడిగాను. నచ్చినవాటి గురించి ధారాళంగా రాశారు. నచ్చనివాటి దగ్గరికి వచ్చేసరికి చాలామంది తమ పేరు వేయవద్దని కోరారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల శాఖా గ్రంథాలయాలలో ఉద్యోగం చేసిన రోజుల్లోనూ ఇదే చూశాను. పుస్తకం నచ్చినవారు బల్ల దగ్గర నిలబడి దాని గురించి చెప్పేవారు. నచ్చనివారు మాట్లాడకుండా అక్కడ పెట్టి వెళ్ళిపోయేవారు. ఆ రెండో రకంవారి మాట వినాలని నాకు ఎప్పుడూ ఉండేది. వారు ఇప్పుడు ఉత్తరాలు రాశారు కనుక ఈసారి కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి.

ప్రశ్న: మా వీధిలో కొందరం కలిసి నెలకొక పుస్తకం చదువుతున్నాం. పోయిన నెల 'వేయిపడగలు' చదివాం. నాకు నచ్చలేదన్నాను. అది అర్థం కావాలంటే పరిణతి ఉండాలని ఒక పెద్దాయన అందరిముందూ అన్నారు. అంత పెద్ద రచయిత పుస్తకం నచ్చలేదని చెప్పడం తప్పా? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

తప్పు కాదమ్మా. ఆ నవల వచ్చిన రోజుల్లోనే తీర్పు ఒక్క పుస్తకం దగ్గర ఆగలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు', అడవి బాపిరాజు 'నారాయణరావు' బహుమతిని పంచుకున్నాయి. ఒకదానికొకటి పోలిక లేని నవలలు అవి. పండితులకే ఒక్కటి తేలనప్పుడు మీ వీధిలో అందరికీ ఒకే అభిప్రాయం ఉండాలని ఏముంది?

అయితే పెద్దాయనకు మీరు చూపించవలసింది పుస్తకంలోని చోటు. ఎక్కడ నచ్చలేదు? ఏ ప్రకరణంలో మనసు పక్కకు పోయింది? నా సంగతి చెబుతాను. ఈ నవల అంటే నాకు ప్రేమ, దానితో పేచీ కూడా ఉంది. పసరిక కనిపించినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. పాముకీ మనిషికీ నడుమ ఉన్న ఆ ప్రాణిని పచ్చని చేలల్లోంచి లేపి మన ముందు నిలబెట్టిన ఊహ సామాన్యమైనది కాదు. దేవదాసి గిరిక ఉన్న పేజీలను మళ్ళీ మళ్ళీ చదువుతాను. కానీ కథానాయకుడు ధర్మారావు మాట్లాడటం మొదలుపెట్టాక కథ పక్కకు తప్పుకొని నిలబడుతుంది. ఆయనతో సరిసమానంగా వాదించే మనిషి నవలలో నాకు దొరకలేదు. ఎదురుచెప్పేవారు ఓడిపోవడానికే వచ్చినట్టుంటారు. కథ జరిగే ఊరు సుబ్బన్నపేటలో పాత వ్యవస్థ కూలిపోతోందని పుస్తకం దుఃఖిస్తున్నప్పుడు, ఆ వ్యవస్థ బరువు మోసినవారి గొంతు కోసం వెతుక్కుంటాను. ఎందుకంటే ఆ గొంతును అంతకుముందే ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'లో విని ఉన్నాను. 1922 నాటి పుస్తకం అది, జైలులో రాసినది, అప్పటి ప్రభుత్వం నిషేధించినది.

వచ్చే నెల 'మాలపల్లి' పెట్టుకుందామని మీరే ప్రతిపాదించండి. ఆ పెద్దాయనను కూడా ఆయనకు నచ్చిన ఒక ప్రకరణం పైకి చదివి వినిపించమని అడగండి. ఆయన నిజంగా ఆ పుస్తకాన్ని ప్రేమిస్తున్నవారైతే సంతోషంగా చదువుతారు, మీకూ కొత్తది ఏదైనా కనిపించవచ్చు.

ప్రశ్న: 'మైదానం' నాకు చాలా ఇష్టం. మా వదినకు దాని పేరు చెబితేనే కోపం. కాపురం వదిలి వెళ్ళిన మనిషిని ఎలా మెచ్చుకుంటావు అంటుంది. ఇదివరకు ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు తగ్గిపోయింది. (ఒక పాఠకురాలు, కోవూరు)

మీరిద్దరూ ఒకే పుస్తకం చదివి రెండు వేరు విషయాలు మాట్లాడుకుంటున్నారు. మీ వదినగారు కథానాయిక రాజేశ్వరి చేసిన పనిని తూకం వేస్తున్నారు. మీరు, ఉత్తరాన్ని బట్టి చూస్తే, ఆమె గొంతును ప్రేమిస్తున్నారు. ప్లీడరు భర్త ఇల్లు విడిచి అమీర్‌తో వెళ్ళిపోయిన స్త్రీ చేత, 1927లో, తన కథ తానే చెప్పించారు చలం. ఆమె తరఫున ఎవరూ సంజాయిషీ ఇవ్వరు, ఆమె కూడా ఇవ్వదు. ఆ వాక్యాల వేడి ఇప్పటికీ చల్లారలేదు. ఇదంతా మీరు వదినగారితో చెప్పారా, లేక 'గొప్ప పుస్తకం' అని మాత్రమే అన్నారా? ఆ ఆరుబయటి బతుకును రాజేశ్వరి వర్ణించే పేజీ ఏదైనా ఒకటి ఆమెకు ఫోనులో చదివి వినిపించండి.

ఆమె కోపంలోనూ వినవలసింది ఉంది. రాజేశ్వరి గర్భవతి అయినప్పటి నుంచి అమీర్ తీరు గమనించండి. భర్త ఇంట్లో దొరకని స్వేచ్ఛ కోసం వచ్చిన మనిషి మీద ఇక్కడ ఇంకొక మగవాడి ఇష్టం పెత్తనం చేస్తుంది. చలం దాన్ని దాచిపెట్టలేదు. ఆయన అభిమానులమే ఆ భాగాన్ని గబగబా దాటిపోతాం. మీ వదినగారి అభ్యంతరం ఆ చోటు దగ్గర మొదలైతే నేను ఆమె పక్కనే కూర్చుంటాను. ఈ ఆదివారం ముందుగా మీరే ఫోను చెయ్యండి.

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తెలుగు చదవడం వచ్చు, కానీ చదవడు. సెలవులకు వచ్చినప్పుడు చేతిలో పెట్టదగిన పుస్తకం చెప్పండి. మరీ లావుపాటిది వద్దు. (ఒక తండ్రి, కావలి)

మీ ఊరి రచయిత ఉండగా దూరం వెళ్ళడం దేనికి? మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఇవ్వండి. ఆయన కావలి మనిషి. దర్గామిట్ట మన నెల్లూరు పేటే. స్వర్ణాల చెరువు, బారాషహీద్ దర్గా, మొహర్రం నెలలో రొట్టెల పండగకు వచ్చే జనసముద్రం ఈ జిల్లాలో ఎవరికి తెలియవు? ఒక ముస్లిం కుటుంబంలో పెరిగే పిల్లవాడు తన ఇంటి ముచ్చట్లు చెబుతున్నట్టు ఉండే చిన్న చిన్న కథలు. ఒక్కొక్కటి కూర్చున్నచోటే అయిపోతుంది. పేదరికం ఉంటుంది, దాని గురించి గుండెలు బాదుకోవడం ఉండదు. నవ్వుతూనే చదువుతాం, పుస్తకం మూశాక గొంతుకు ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది.

ఇది నచ్చనివారూ ఉన్నారు. పుస్తకం అన్నాక గ్రాంథికం కాకపోయినా మంచి తెలుగు ఉండాలని, ఈ యాసలో రాస్తే పిల్లలు చెడిపోతారని ఒక ఉపాధ్యాయుడు గ్రంథాలయంలో నాతో గట్టిగా వాదించారు. నేను ఒప్పుకోలేదు. నెల్లూరు తల్లి కొడుకును కేకలేస్తే పాఠ్యపుస్తకంలా కేకలేస్తుందా? ఆ కోపం, ఆ ప్రేమ ఆ యాసలోనే ఉన్నాయి. యాసకు మర్యాద లేదనుకునేవారు ఇంట్లో తమ అమ్మ మాటను ఏమనుకుంటున్నారో నాకు బాధగా ఉంటుంది.

మీ అబ్బాయికి పుస్తకం ఇచ్చి చదవమని చెప్పకండి. రాత్రి భోజనాలయ్యాక మీరే ఒక కథ పైకి చదవండి. రెండో కథ అతనే అడిగి తీసుకుంటాడని నా నమ్మకం.

ప్రశ్న: సగంలో వదిలేసిన పుస్తకం మీద అభిప్రాయం చెప్పవచ్చా? (ఆత్మకూరు)

చెప్పవచ్చు. ఎక్కడ వదిలేశారో కూడా చెప్పండి.

ప్రశ్న: తిక్కన నెల్లూరువాడని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన భారతం నిజంగా చదివేవారు ఎవరున్నారు? నేను ప్రయత్నించి ఆపేశాను. (ఒక రైతు, దర్శి)

మొదటి పేజీ నుంచి క్రమంగా వెళ్ళాలనుకుని ఉంటారు. అలా వద్దు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగితే, తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశారు. ఆ మిగిలినదాన్ని తరువాత ఎర్రన పూర్తిచేశారు. కవిత్రయంలో ఇద్దరు మన వైపువారే అని చెప్పుకోవడంతో సరిపెట్టకుండా, తిక్కన మొదలుపెట్టినచోటే మీరూ మొదలుపెట్టండి. మీది వాన కోసం ఆకాశం వైపు చూసే ప్రాంతం. కరువు వచ్చినప్పుడు విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయని మన పల్లెల్లో నమ్మేవారు. వాన సంగతి ఎలా ఉన్నా, ఆ నమ్మకం వల్ల అక్షరం రాని రైతులు కూడా ఆ పర్వాన్ని కూర్చుని విన్నారు.

కీచకుడి వల్ల అవమానం పొందిన ద్రౌపది రాత్రివేళ వంటశాలకు వెళ్ళి భీముణ్ణి లేపే ఘట్టం తీయండి. దాసి వేషంలో ఉన్న రాణి, వంటవాడి వేషంలో ఉన్న మొగుడు. ఆమె కోపం ఒక్కసారిగా బయటపడదు. ధర్మరాజు మీద నిష్ఠూరం, తన బతుకు మీద రోత, భీముడి మీద నమ్మకం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మనుషుల చేత మాట్లాడించడంలో తిక్కనను మించినవారిని నేను చదవలేదు. తాత్పర్యం ఉన్న ప్రతి తీసుకోండి, ముందు తాత్పర్యం చదివి తరువాత పద్యం పైకి చదవండి. యుద్ధపర్వాలలో బాణాల వర్షాలు, కూలిన రథాలు, ఏనుగులు వరసగా వస్తుంటే నాకూ విసుగు వస్తుంది. ఆ భాగాలు దాటిపోయినంత మాత్రాన తిక్కనకు అపచారం జరగదు.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. 'నా జీవిత యాత్ర' పేరు, రచయిత పేరు గుర్తుపెట్టుకుంటే చాలదా, చదవాలా? (ఒక విద్యార్థి, సింగరాయకొండ)

పరీక్షకు చాలు. కానీ మీ జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి మీకు తెలియకుండా పోతాడు. వినోదరాయునిపాలెంలో పుట్టి, తండ్రి పోయాక ఒంగోలులో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడుపుతుంటే పెరిగిన పిల్లవాడు టంగుటూరి ప్రకాశం. నాటకాల పిచ్చి, అల్లరి స్నేహాలు, తన శిష్యుణ్ణి వదలని గురువు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు. ఆ బాల్యాన్ని ఏదీ కప్పిపుచ్చకుండా రాసుకున్నారు. ఆ భాగం నవలలా సాగుతుంది. రాజకీయాలలోకి వచ్చాక పేర్లు, సభలు, తగాదాలు కిక్కిరిసిపోయి నాకు ఊపిరాడలేదు. చివరి సంపుటం తెన్నేటి విశ్వనాథం రాశారు, గొంతు మారిందని తెలుస్తుంది. మొదటి సంపుటం మాత్రం ఈ సెలవుల్లోనే చదవండి.

ప్రశ్న: అందరికీ సలహాలు చెబుతున్నారు. అందరూ మెచ్చే పుస్తకాల్లో మీకు నచ్చనిది ఒక్కటి, దాటవేయకుండా చెప్పండి. (నెల్లూరు)

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. వచనం అందంగా ఉంటుందని ఒప్పుకుంటాను. తల్లి మీద పడిన నింద ఒక కొడుకు జీవితమంతా వెంటాడటం చాలా లోతైన వస్తువు. కానీ కోమలి, అమృతం, సుశీల, ఇందిర, వీరంతా ఆ కొడుకు దయానిధి ఆలోచించుకోవడానికి వచ్చి వెళ్ళినట్టుంటారు. ముఖ్యంగా భార్య ఇందిర. ఆమె ఏమనుకుంటోందో తెలుసుకోవాలని నాకు ఆత్రంగా ఉంటుంది. దయానిధికి ఆ ఆత్రం లేదు. మనిషి తనలోకి తాను చూసుకోవడం మంచిదే, పక్కన కూర్చున్న మనిషి కనిపించకుండా పోయేంతగా చూసుకోవడాన్ని నేను మెచ్చలేను. అతని అంధత్వమే రచయిత చూపించదలచిన విషయమని ఒక స్నేహితురాలు అంటుంది. అలా అనిపించిన చోట్లు నాకూ కొన్ని కనిపించాయి, నవల మొత్తానికి అది సరిపోతుందని మాత్రం అనిపించలేదు. ఈ పుస్తకాన్ని ప్రేమించేవారు ఇందిర ఉన్న పేజీలు చూపించి నాతో వాదించండి. ఉత్తరాలు ప్రచురిస్తాను.

ప్రశ్న: మా ఊళ్ళోనూ చదువరులు కలుసుకునే ఏర్పాటు చేయాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి? (కొండపి)

శాఖా గ్రంథాలయంలో సాయంత్రం ఒక గంట అడగండి. పుస్తకం పొట్టిదిగా ఉండాలి, అందరికీ ప్రతులు దొరకాలి. వచ్చినవారు నచ్చిన పేజీ ఒకటి, నచ్చని పేజీ ఒకటి గుర్తుపెట్టుకొని రావాలి. రెండూ పైకి చదివాకే అభిప్రాయం. నచ్చనివారికి ముందు మాట్లాడే అవకాశం ఇవ్వండి, లేకపోతే మొదటి పొగడ్త తరువాత వారు నోరు విప్పరు. పెద్దవారు, ఉపాధ్యాయులు చివర మాట్లాడాలి.

పాత పుస్తకాలు, పాత పత్రికలు చూడాలనిపిస్తే చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో స్థాపించిన గ్రంథాలయం, 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది కానీ ఒంగోలు నుంచి రైలులో దగ్గరే. ఒక ఆదివారం అందరూ కలిసి వెళ్ళేముందు, ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో ఫోను చేసి కనుక్కోండి.