సైలెన్సర్ మార్చాక బండి ఫట్‌ఫట్‌మంటోందా? జెట్ కొనకముందే ఇవి చూడండి

ప్రశ్న: నాది 2006 మోడల్ బుల్లెట్ 350, నాన్నగారు వాడిన బండి. కంపెనీ సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడితే పొగ అడ్డులేకుండా పోయే పొట్టి ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయించాను. అప్పటి నుంచి యాక్సిలరేటర్ వదిలితే చాలు, ఫట్‌ఫట్‌మని పేలుతోంది. బీచ్ రోడ్డులో భీమిలి వైపు నిదానంగా వెళ్తుంటే మధ్యమధ్యలో పట్టేసినట్టయి మళ్లీ లాగుతోంది. ఇంజిన్ కూడా ముందుకన్నా వేడెక్కుతోంది. మెకానిక్ కార్బొరేటర్‌లో పెట్రోల్‌ని కొలిచి వదిలే మెయిన్ జెట్ రెండు సైజులు పెద్దది వేశాడు, పేలడం ఆగలేదు, మైలేజీ మాత్రం పడిపోయింది. ఇప్పుడేం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: ముందు ఆ పాత మెయిన్ జెట్ మళ్లీ వేయించేయండి. మీరు రాసినవన్నీ యాక్సిలరేటర్ వదిలినప్పుడో, కొద్దిగా తిప్పి ఉంచినప్పుడో వచ్చే ఇబ్బందులు. మెయిన్ జెట్ మాట చెల్లేది ముప్పావు వంతు దాటి తిప్పినప్పుడు. మీ పాత బుల్లెట్‌లో ఉండే మిక్‌కార్బ్ వీఎం 24 లాంటి స్లైడ్ కార్బొరేటర్‌లో (గ్రిప్ తిప్పితే లోపల స్లైడ్ అనే ముక్క పైకి లేచే రకం) పని వంతులవారీగా నడుస్తుంది: స్లో స్పీడ్ (గ్రిప్ తిప్పకుండా ఇంజిన్ తిరిగే స్థితి) నుంచి దాదాపు ఎనిమిదో వంతు వరకు పైలట్ జెట్, దాని స్క్రూ, అక్కడి నుంచి పావు వంతు దాకా స్లైడ్ అడుగున ఉండే కోత, పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కి వేలాడే సూది, అంటే నీడిల్, ఆ పైన మెయిన్ జెట్. ఒకదాని పరిధి ఇంకోదాని మీదికి కొంత వస్తుంది గానీ, ఇబ్బంది ఎక్కడ వస్తోందో తెలిస్తే చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే, యాక్సిలరేటర్ గ్రిప్ మీద ఒక టేపు ముక్క అంటించి, పావు, సగం, ముప్పావు గీతలు గీసుకుని, రెండు రోజులు నడిపి, ఏ గీత దగ్గర ఏం జరుగుతోందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం తీసుకెళ్తే మెకానిక్‌కి కూడా పని తేలిక.

ఇక పేలుడు సంగతి. యాక్సిలరేటర్ మూసేయగానే సిలిండర్‌లోకి వెళ్లే పెట్రోల్ బాగా తగ్గిపోతుంది, పెట్రోల్ తక్కువైన ఆ పలచటి గాలి-పెట్రోల్ మిశ్రమం లోపల సరిగా అంటుకోక పచ్చిగానే సైలెన్సర్‌లోకి పోతుంది, అక్కడ వేడి పైపులో తాజా గాలి తగిలితే కాలి పేలుతుంది. ఆ తాజా గాలి ఎక్కడిదన్నదే అసలు ప్రశ్న. పొట్టి సైలెన్సర్ అయితే వెనక నోటి నుంచి కొంత లోపలికి లాగుతుంది, అది పూర్తిగా పోదు. కానీ చాలా బళ్లలో గాలి వచ్చేది జాయింట్ల దగ్గర. మన విశాఖలో ఉప్పుగాలికి ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండ్ పైపు చివర, క్లాంపు, బోల్టు అన్నీ తినేసి ఉంటాయి, పైగా బయట కొన్న సైలెన్సర్ మూతి పాత పైపుకి సరిగ్గా కూర్చోదు. బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో సైలెన్సర్ వెనక నోరు రెండు క్షణాలు సగం మూయండి, బెండ్ పైపు హెడ్‌లోకి దిగే చోటా సైలెన్సర్ కలిసే చోటా సబ్బు నీళ్లు రాసి చూడండి. బుడగలు వచ్చినా బుస్సుమన్నా దొంగ అక్కడే ఉన్నాడు. కొత్త క్లాంపు, వేడికి తట్టుకునే ఎగ్జాస్ట్ పేస్టు, అంతే ఖర్చు. అలాగే ఇంజిన్ స్లోలో ఉండగా కార్బొరేటర్‌కీ హెడ్‌కీ మధ్య జాయింటు చుట్టూ కొంచెం నీళ్లు స్ప్రే చేయండి. శబ్దం మారిందంటే అక్కడ కూడా గాలి పీలుస్తోందన్నమాట. ఈ లీకులు ఉండగా ఏ స్క్రూ తిప్పినా వృథా, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

లీకులు లేవని తేలాక పైలట్ స్క్రూ. ఇక్కడ చాలామంది తికమక పడతారు. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేస్తుంది, లోపలికి బిగిస్తే పెట్రోల్ వాటా పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే అది మిశ్రమాన్ని అదుపు చేస్తుంది, బయటికి విప్పితే పెట్రోల్ పెరుగుతుంది. మీ వీఎం 24లో ఉండేది గాలి స్క్రూ. పది కిలోమీటర్లు నడిపి ఇంజిన్ బాగా వేడెక్కాక, స్లో స్పీడ్ కాస్త పెంచి, స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ ఎక్కువగా, నున్నగా తిరుగుతుందో పట్టుకోండి, తర్వాత స్లో తగ్గించండి. పూర్తిగా బిగించిన దగ్గర నుంచి ఒకటి, రెండు చుట్ల మధ్య ఆ చోటు దొరికితే పైలట్ జెట్ సరైనదే. దాదాపు పూర్తిగా బిగిస్తే గానీ కుదరడం లేదంటే పైలట్ జెట్ ఒక సైజు పెంచాలి. మూడు చుట్లు దాటిపోతే జెట్టే పెద్దది. మీ వేడికీ, పేలుడులో మిగిలినదానికీ మందు బహుశా ఇక్కడే దొరుకుతుంది.

నిదానంగా వెళ్తుంటే పట్టేసినట్టు అవుతోందన్నారు కదా, అది పావు గీత దాటాక వస్తోందా చూడండి. సరిగ్గా అదే చోట గ్రిప్ కదపకుండా చోక్ కొంచెం లాగండి. బండి బాగుపడితే పెట్రోల్ తక్కువైంది, ఇంకా పాడైతే ఎక్కువైంది. తక్కువైతే నీడిల్ క్లిప్‌ని ఒక గాడి కిందికి దించండి, క్లిప్ దిగితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోల్ పెరుగుతుంది. ఒక్క గాడే, ఒకేసారి రెండు మార్పులు వద్దు.

మెయిన్ జెట్ ఇక చివర. ఆనందపురం దాటాక ఖాళీ రోడ్డు చూసుకుని, తెల్లవారుజామున, మూడో గేరులో పూర్తిగా తిప్పి కొంచెం వెనక్కి వదలండి. వదలగానే బండి ఉరికినట్టయితే మెయిన్ జెట్ చిన్నది. తడబడితే పెద్దది. మార్చాల్సి వస్తే ఒక్కో సైజు చొప్పునే. ప్లగ్ చూడాలంటే పూర్తి యాక్సిలరేటర్ మీద ఉండగా క్లచ్ పట్టి, అదే క్షణం ఇంజిన్ ఆపి, పక్కకి తెచ్చి విప్పాలి, స్లోలో నిలబెట్టి తీసిన ప్లగ్ రంగు మెయిన్ జెట్ గురించి ఏమీ చెప్పదు. కాఫీ రంగు బాగున్నట్టు, తెల్లగా పొక్కులు ఉంటే ప్రమాదం, నల్లటి మసి అయితే పెట్రోల్ ఎక్కువ.

ఇంకో కారణం, సైలెన్సర్‌తో సంబంధం లేనిది. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పెట్రోల్ పూర్తిగా కాలడానికి దాని బరువుకి 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. అంటే అదే జెట్‌తో మీ పాత బండికి గాలి వాటా ముందే ఎక్కువైపోయింది, దాని మీద సైలెన్సర్ తెరిచారు. అందుకే పదేళ్ల కిందట ఇదే సైలెన్సర్ వేసుకున్న స్నేహితుడెవరైనా ఉంటే అతని సెట్టింగ్ ఇప్పుడు మీకు సరిపోకపోవచ్చు.

పొల్యూషన్ సర్టిఫికెట్ తీయించేటప్పుడు అక్కడి మిషన్ చూపే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అంకె అడిగి రాసుకోండి. మీ బండికి పరిమితి 3.5 శాతం. స్లోలో పైలట్ ఎలా ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది, సైలెన్సర్ లీకు ఉంటే మాత్రం ఆ అంకెను నమ్మకండి, బయటి గాలి కలిసి తక్కువ చూపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట, ఫిల్టర్ పాతదే ఉంచి సైలెన్సర్ ఒక్కటే మారిస్తే శక్తి పెరిగేది చాలా స్వల్పం, పెరిగేది శబ్దమే. 175 సీసీ దాటిన బండికి శబ్ద పరిమితి 80 డెసిబెల్స్, మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. వీధిలో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటారు. కంపెనీ సైలెన్సర్ కొత్తది దొరికితే అదే వేయించుకోండి, ఈ ట్యూనింగ్ అవసరం కూడా చాలావరకు తప్పుతుంది.

ప్రశ్న: పాత పల్సర్ 150కి ఫ్రీ ఫ్లో సైలెన్సర్‌తో పాటు ఫిల్టర్ డబ్బా తీసేసి చిన్న కోన్ ఫిల్టర్ పెట్టించా. ఇప్పుడు పికప్పే లేదు. జెట్ పెంచాలా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: మీది వాక్యూమ్ కార్బొరేటర్. మీరు గ్రిప్ తిప్పితే లోపలి స్లైడ్ దానంతట అది లేవదు, గాలి ఒత్తిడి తేడాకి రబ్బరు డయాఫ్రమ్ లాగితే లేస్తుంది. ఫిల్టర్ డబ్బా ఆ ఒత్తిడిని కుదురుగా ఉంచుతుంది, తీసేస్తే స్లైడ్ ఎప్పుడు లేవాలో తెలియక ఊగుతుంది. జెట్‌తో దాన్ని పూర్తిగా సరిచేయలేరు. డబ్బా తిరిగి పెట్టండి, డయాఫ్రమ్‌ని వెలుగుకి ఎదురుగా పట్టి సూది మొనంత చిల్లు ఉన్నా మార్చండి. ఆ తర్వాత కూడా మధ్యలో తడబడితే నీడిల్ తల కింద పలచటి వాషర్ ఒకటి వేస్తే చాలు, చాలా వాక్యూమ్ నీడిళ్లకి క్లిప్ గాడులు ఉండవు కాబట్టి ఇదే దారి.

ప్రశ్న: ఆర్ఎక్స్ 100కి ఎక్స్‌పాన్షన్ చాంబర్ (టూ స్ట్రోక్ బళ్లకి వేసే, మధ్యలో ఉబ్బుగా ఉండే సైలెన్సర్) వేయించాను. ఈ శీతాకాలం అరకు వెళ్దామనుకుంటున్నాం. ఎత్తుకి జెట్ మార్చాలా?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలచబడి మిశ్రమంలో పెట్రోల్ కాస్త ఎక్కువవుతుంది, ఒక రోజు ప్రయాణానికి అది హాని కాదు. ఘాట్‌లో లాగుడు కొంచెం తగ్గితే తగ్గనివ్వండి. నాకు మీ బండి విషయంలో కంగారు వేరే. టూ స్ట్రోక్‌లో చాంబర్ మెయిన్ జెట్ అవసరాన్ని ఫోర్ స్ట్రోక్ కన్నా ఎక్కువ మారుస్తుంది, పెట్రోల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం లాక్ అయిపోతుంది. వెళ్లేముందే ఇక్కడ పెద్ద జెట్‌తో మొదలుపెట్టి, ప్లగ్ చూసుకుంటూ ఒక్కో సైజు తగ్గించుకుంటూ రండి, చిన్నదాని నుంచి పైకి ఎప్పుడూ వెళ్లకండి. ఆయిల్ పంపు యాక్సిలరేటర్ తీగకి కలిపి ఉంటుంది, గ్రిప్ మూస్తే ఇంజిన్‌కి ఆయిల్ తగ్గిపోతుంది కాబట్టి, అనంతగిరి దిగేటప్పుడు గ్రిప్ పూర్తిగా మూసి ఇంజిన్ మీదే దింపుకుంటూ రావద్దు. బ్రేకులు వాడండి, అప్పుడప్పుడూ క్లచ్ పట్టి కొంచెం రైజ్ చేయండి, ఆయిల్ అందుతుంది.