మొదటి కెమెరా కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

కెమెరా కొంటానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కానీ దాచుకున్న 50 వేలూ కొత్త బాడీ (లెన్సు లేని కెమెరా) మీదే పెట్టేస్తావట, అది మాత్రం వద్దమ్మా. బాడీ నాలుగైదేళ్లకి పాతబడిపోతుంది. మంచి లెన్సు జాగ్రత్తగా చూసుకుంటే చాలా ఏళ్లు ఉంటుంది. సగం డబ్బుకి వాడిన డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకునే కెమెరా) ఒకటి చూసుకో. 18-55 ఎంఎం జూమ్ లెన్సు దాంతోపాటే దొరుకుతుంది. దానికి తోడు తక్కువ వెలుగులోనూ పనికొచ్చే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కొత్తది, బిల్లు, వారంటీ ఉన్నది కొను. మిగిలినది రెండో బ్యాటరీకి, మెమరీ కార్డుకి, బస్సు చార్జీలకి ఉంచుకో.

పెళ్లిళ్లు తీసేవాళ్ల దగ్గర కొంటే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీశారన్న లెక్క) తప్పకుండా అడుగు. చిన్న బాడీల షట్టర్‌ని సుమారు లక్ష క్లిక్కులు లెక్కేసి తయారుచేస్తారు. ఒక్క పెళ్లికే వేలల్లో పోతాయి. తర్వాత లెన్సు ఊడదీసి, ఒకవైపు నుంచి ఫోన్ టార్చి వేసి, రెండోవైపు నుంచి చూడు. లోపల సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్. ఎంత తక్కువకి ఇస్తానన్నా తీసుకోకు. మన సముద్రపు తేమకి ఈ తెగులు తొందరగా పడుతుంది. కొన్నాక నువ్వూ బీరువాలో బట్టల మధ్య పెట్టకు. గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి ఉంచు. కళింగపట్నం బీచ్‌కి తీసుకెళ్తే ఇసుకలో నిలబడి లెన్సు మార్చకు.

చేతికి వచ్చాక ముందు పొందూరు వెళ్లు. శ్రీకాకుళం నుంచి దగ్గరే. అక్కడ ఖద్దరు వడికేవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు. వెళ్లగానే కెమెరా తీయకు. కూర్చుని మాట్లాడు, తీసుకోవచ్చా అని అడుగు. వాళ్లు సరేనన్నాక, గుమ్మంలోంచి వచ్చే వెలుగు చేతుల మీద పక్కనుంచి పడేలా చూసుకుని కూర్చో.

50 ఎంఎం పెట్టి, అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్, అంటే లెన్సు రంధ్రం, నువ్వు పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది) ఎఫ్ 1.8 దగ్గర, అంటే రంధ్రం బాగా తెరిచి, ఒకటి తియ్యి. నువ్వు ఒక మీటరు దూరంలో ఉంటే రెండు మూడు సెంటీమీటర్ల మందమే షార్ప్‌గా వస్తుంది. దవడ పళ్లు స్పష్టంగా ఉంటాయి, వెనక చెయ్యి మసకేస్తుంది. రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 4కి తెస్తే ఆ మందం రెట్టింపు అవుతుంది, వేళ్లూ పళ్లూ రెండూ నిలుస్తాయి. కానీ వెలుగు తగ్గుతుంది కాబట్టి షట్టర్ నెమ్మదిస్తుంది, దువ్వే చెయ్యి చెదురుతుంది. అప్పుడు ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 3200కైనా పెంచు, భయపడకు. కాస్త గరుకు కనిపించినా పరవాలేదు గానీ, చెదిరిన బొమ్మని ఎవరూ బాగుచేయలేరు. షట్టర్ వేగం 1/125 సెకను కంటే తగ్గకుండా చూసుకో. అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో అక్కడే తెలిసిపోతుంది. ఎన్ని వీడియోలు చూసినా చేత్తో తిప్పితేనే వచ్చే విద్య ఇది.

మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పక్షులు తీయాలని నీకు ఎప్పటినుంచో కోరిక అని తెలుసు. చలికాలంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు చెట్లనిండా గూళ్లు కడతాయి. వాటికి దూరానివి దగ్గరగా చూపే 300 ఎంఎం లెన్సు అయినా కావాలి. ఇప్పుడే కొనకు, అద్దెకి తెచ్చుకో. ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1/1000 సెకను పైన పెట్టు. తెల్లని ఆకాశం వెనక ఉంటే కెమెరా పక్షిని నల్లగా చేసేస్తుంది, ఎక్స్‌పోజర్‌ని +1కి తిప్పు, ఫోటో ఒక మెట్టు వెలుగెక్కుతుంది. గూళ్ల కిందకి మాత్రం వెళ్లకు. అవి బెదిరి లేచిపోతే గుడ్లూ పిల్లలూ ఎండకీ కాకులకీ దొరికిపోతాయి.

ఫోటోలు రా (RAW) ఫైళ్లలోనే, అంటే కెమెరా పట్టినదంతా ఉంచే ఫైళ్లలోనే, తియ్యి. సంక్రాంతికి వస్తున్నాను. అందాకా ఏ ఫోటో చెరపకు, చెదిరినవి కూడా ఉంచు. ఏ సెట్టింగ్‌లో తీశావో ఫైల్‌లోనే ఉంటుంది, ఒక్కొక్కటీ కూర్చుని చూద్దాం.

మీ మావయ్య