కంటోన్మెంట్ ఓటు సికింద్రాబాద్ ఎంపీకి ఎందుకు పడదు?

కంటోన్మెంట్‌లోని తిరుమలగిరిలో ఉంటూ సికింద్రాబాద్ ఎంపీకి ఎందుకు ఓటేయలేకపోతున్నామని ఒకరు అడిగారు. కారణం 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజన. అప్పుడు కొత్తగా ఏర్పడిన మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానంలో కంటోన్మెంట్ అసెంబ్లీ సెగ్మెంటును కలిపారు. అందుకే కార్ఖానా, బొల్లారం ఓట్లు కూడా అటే పడతాయి. 1806లో నిజాం సికిందర్ జా పేరుతో సికింద్రాబాద్ ఊరు పుట్టిందే ఆ దండు (బ్రిటిష్ సైన్యం మకాం, అంటే కంటోన్మెంట్) వల్ల. అది ఊరి పేరున్న సీటులో లేకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

సికింద్రాబాద్ సీటులో ఉన్న అసెంబ్లీ సెగ్మెంట్లు ముషీరాబాద్, అంబర్‌పేట, ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, నాంపల్లి, సికింద్రాబాద్. మాజీ ముఖ్యమంత్రి టి.అంజయ్య, ఆయన తర్వాత భార్య మణెమ్మ ఇక్కడి ఎంపీలే. బండారు దత్తాత్రేయ 1991, 1998, 1999, 2014ల్లో గెలిచారు. మధ్యలో 2004, 2009 అంజన్‌కుమార్ యాదవ్‌వి. 2019, 2024 కిషన్‌రెడ్డివి.

ఏ పార్టీ ఎంపీ అయినా ఆషాఢంలో లష్కర్ (సికింద్రాబాద్) బోనాలకు ఉజ్జయిని మహంకాళి గుడికి రావాల్సిందే. మర్నాడు పచ్చికుండ మీద నిలబడి జోగిని చెప్పే రంగం భవిష్యవాణి వినడానికి కంటోన్మెంట్ జనం కూడా వస్తారు. ఆ రోజు ఎవరి ఓటు ఎక్కడుందో ఎవరూ అడగరు.