బాస్ గిటార్ నెక్ వంగిపోయింది.. దుకాణంపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది తెనాలి. చర్చిలోనూ, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ బాస్ గిటార్ వాయిస్తాను. అదే నా బతుకుతెరువు. 2023 మార్చిలో విజయవాడలోని ఒక దుకాణంలో అప్పు చేసి రూ.42,000కు గిటార్ కొన్నాను. వేసవిలో లావు తీగలు వేయించాను. ఏడాదిన్నరకే నెక్ (తీగలు సాగే పొడవాటి చెక్క భాగం) ముందుకు వంగి, తీగలు పైకి లేచిపోయాయి. 2024 నవంబరులో అదే దుకాణంలో రిపేరుకిచ్చాను. యూపీఐలో రూ.1,800 తీసుకుని డిసెంబరు 6న తిరిగిచ్చారు. వంపు అలాగే ఉంది. అడిగితే 'నీ వాడకం వల్లే' అంటున్నారు. ఆ ఏడు క్రిస్మస్ ప్రోగ్రాములన్నీ పోయాయి. నాసిరకం సరుకు అంటగట్టినందుకు దుకాణంపైనా, కంపెనీపైనా కేసు వేసి మొత్తం డబ్బు రాబట్టాలని ఉంది. రసీదు లేదు. రిపేరు చేసినతను పంపిన వాయిస్ మెసేజ్‌లున్నాయి. ఈలోగా మా తమ్ముడు వీడియోలు చూసి, నెక్‌ను ఇస్త్రీపెట్టెతో వేడిచేసి క్లాంపులు బిగించి సరిచేస్తానంటున్నాడు. చేయించుకోవచ్చా?

జవాబు: మీరు అప్పు గురించి, క్రిస్మస్ గురించి రాశారు. వాటితో కేసు నిలబడదు. కేసును నిలబెట్టేది మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన వాయిస్ మెసేజ్.

నాసిరకం సరుకు అనే వాదనను ముందు పక్కన పెట్టండి. వినియోగదారుల రక్షణ చట్టం–2019లోని 69వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. మీరు కొన్నది 2023 మార్చిలో. లోపం ఆలస్యంగా బయటపడిందని మీరంటారు, రెండేళ్లు ఎప్పుడో దాటాయని వాళ్లంటారు. కేసు మొదలవకముందే గడువు దగ్గర ఇరుక్కుంటారు.

గడువు గండం దాటినా, నెక్ వంగడాన్ని తయారీ లోపంగా రుజువు చేయడం తేలిక కాదు. బాస్ గిటార్ నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు నెక్ మీద పడే లాగుడు సుమారు 70, 80 కిలోల దాకా ఉంటుంది. దానికి తోడు చెక్క చెమ్మకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఈ కదలికను సర్దడానికే నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ పెడతారు, దాన్ని చివరనున్న నట్టుతో బిగిస్తారు. అసలు కాస్త ముందుకు వంపు ఉండాలి కూడా, లేకపోతే తీగ ఊగడానికి చోటు లేక నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలకు (ఫ్రెట్లకు) తగిలి బర్‌ర్‌మంటుంది. పైగా వేసవిలో లావు తీగలు వేయించానని మీరే రాశారు. కంపెనీ లాయరుకు ఆ ఒక్క వాక్యం చాలు. కంపెనీని కేసులోకి లాగితే తయారీ లోపం ఉందని నిరూపించే బరువు మీ నెత్తినే పడుతుంది. వదిలేయండి.

నెక్ ఎందుకు వంగిందన్నది కాదు, ట్రస్ రాడ్ నట్టు ఎవరి చేతిలో పాడైందన్నదే ఈ కేసును తేలుస్తుంది. డిసెంబరు 4న వచ్చిన మెసేజ్‌లోని మాటలు మీరే రాసి పంపారు: "అన్నా, ఇంకా టైట్ చేస్తుంటే నట్టు లోపల గుండ్రంగా అరిగిపోయింది, కీ పట్టట్లేదు. ప్రస్తుతానికి ఇలా వాడుకో, పండగయ్యాక చూద్దాం."

దీని విలువ మీకు అర్థం కాలేదు. ఆ నట్టు లోపల ఆరు మూలల గుంట ఉంటుంది, అందులో ఎలెన్ కీ పెట్టి తిప్పుతారు. మిల్లీమీటర్ల నట్టులో అంగుళాల కీ పెట్టినా, కదలని రాడ్‌ను బలవంతంగా తిప్పినా ఆ మూలలు అరిగిపోతాయి. ఆ తర్వాత రాడ్‌ను బిగించలేరు, వదులూ చేయలేరు. తెలిసినవాడు పావు చుట్టు తిప్పి, కాసేపు ఆగి చూసి, అవసరమైతే మళ్లీ తిప్పితే సరిపోయే పని, నెక్కే మార్చాల్సిన పనిగా మారింది. ఇది సరుకులో లోపం కాదు, సేవాలోపం. చట్టంలోని 2(11) సెక్షన్ కిందికి వస్తుంది. గడువు గిటార్ కొన్న రోజు నుంచి కాదు, రిపేరు చేసి ఇచ్చిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. అంటే 2026 డిసెంబరు మొదటి వారంతో ముగుస్తుంది.

రేపు దుకాణం వాళ్లు తప్పకుండా అనే మాట ఒకటుంది: 'మా దగ్గరికి తెచ్చేసరికే నట్టు అరిగిపోయి ఉంది.' గిటార్ ఇచ్చిన రోజు ఫొటో తీయలేదు, జాబ్ కార్డు (రిపేరుకు తీసుకున్నట్టు రాసిచ్చే చీటీ) అడగలేదు, రసీదు తీసుకోలేదు. నలభై రెండు వేల వస్తువును, అదీ మీకు తిండి పెట్టే వస్తువును, బండి పంక్చరుకిచ్చినట్టు ఇచ్చి వచ్చేశారు! 'టైట్ చేస్తుంటే అరిగిపోయింది' అని అతని నోటితో అతనే అనబట్టి బతికిపోయారు. కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, బాగుచేయడానికి తీసుకున్న వస్తువును తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలి. తమ అధీనంలో ఉండగా పాడైతే, తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించాల్సింది వాళ్లే. రసీదు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. కాబట్టి రసీదు లేదని భయపడకండి. రూ.1,800 యూపీఐ చెల్లింపు ఉంది, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి.

ఆ ఫోన్‌ను మార్చొద్దు, ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు. ఒక్క ముక్క కత్తిరించి పెట్టకుండా, మొదటి మెసేజ్ నుంచి చివరిదాకా మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. వాయిస్ మెసేజ్‌లను ఉన్నవున్నట్టు తెలుగులో రాయించండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి మీరు, రెండోది నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నియమాల్లో మరీ పట్టుగా ఉండవు గానీ, అవతలి లాయరుకు సందు ఎందుకివ్వాలి?

ఇక ఇస్త్రీపెట్టె సంగతి. ససేమిరా వద్దు. మీ తమ్ముడి పనితనం మీద నాకేం అనుమానం లేదు. వేడిచేసి, క్లాంపులు బిగించి నెక్ సరిచేసే పద్ధతి నిజంగానే ఉంది, అనుభవం ఉన్నవాళ్లు చేస్తారు. కానీ మీకున్న ఒకే ఒక్క భౌతిక సాక్ష్యం ఆ నెక్. దాన్ని వేడి చేసిన మర్నాటి నుంచి, ఏ నష్టం దుకాణం చేసింది, ఏది మీ ఇంట్లో జరిగింది అనేది ఎవరూ చెప్పలేరు. జిగురు వదిలి, నెక్ మీది పలకైన ఫ్రెట్‌బోర్డ్ లేచిందంటే, మీరే పాడుచేశారని వాళ్లు చేతులు దులిపేసుకుంటారు. ఎలెన్ కీ కూడా ముట్టుకోకండి. కొత్త నట్టు వేయించడం, రాడ్ బయటికి తీయించడం కూడా ఇప్పుడే వద్దు. ప్రోగ్రాములుంటే ఇంకో గిటార్ అద్దెకు తీసుకుని, ఆ అద్దె రసీదులు దాచండి. అదీ నష్టపరిహారంలో కలుస్తుంది.

ముందు చేయాల్సింది, ఆ దుకాణంతో సంబంధం లేని అనుభవజ్ఞుడైన గిటార్ టెక్నీషియన్‌తో పరీక్ష చేయించి, రాతపూర్వక నివేదిక తీసుకోవడం. ఏ సైజు తీగలున్నాయో రాయించండి. తీగలు పూర్తి శ్రుతిలో ఉండగానే కొలవాలి, వదులు చేస్తే వంపు తగ్గి కనిపిస్తుంది. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలను నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, నెక్ బాడీని కలిసే చోట తీగను నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఖాళీని సన్నటి రేకులతో కొలిచే ఫీలర్ గేజ్‌తో కొలుస్తారు. సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉండాల్సింది మీ గిటార్‌లో ఎంతుందో నివేదికలో ఉండాలి. నట్టు లోపలి మూలల దగ్గరి ఫొటో, నెక్ మార్చడానికయ్యే అంచనా కూడా పెట్టించండి. కింద అఫిడవిట్ ఇవ్వడానికి ఒప్పుకునేవాడినే ఎంచుకోండి. కొలత అయ్యాక తీగలు కొంచెం వదులు చేయించి, ఆ మాట కూడా నివేదికలో రాయించండి.

మీరు డబ్బు తీసుకుని వాయిస్తారు కాబట్టి, వాణిజ్య అవసరానికి వాడారు, వినియోగదారుడే కాదు అనే అభ్యంతరం వస్తుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వాడే వస్తువుకు చట్టంలోనే మినహాయింపు ఉంది. ఆ వాక్యాన్ని ఫిర్యాదులో ముందే రాయండి.

నివేదిక చేతికొచ్చిన వారంలోనే దుకాణానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 15 రోజులు గడువివ్వండి. నోటీసులు పంపుతూ కూర్చుంటే రెండేళ్ల గడువు పెరగదు, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసినా పెరగదు. వాళ్లు 'చూద్దాం, చేద్దాం' అన్నారు కదా అని ఆగానంటే, ఆలస్యాన్ని క్షమించడానికి ఆ కారణం చాలకపోవచ్చు. బదులు రాకపోతే మీ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కు 34వ సెక్షన్ ఇచ్చింది. విజయవాడ తిరగనక్కర్లేదు. వినియోగదారుల కేసుల ఈ-జాగృతి పోర్టల్‌లోనూ దాఖలు చేయొచ్చు. మీ లెక్కకు కోర్టు ఫీజు కూడా ఉండదు.

అడిగేది అతిగా అడక్కండి. కొత్త నెక్, బిగించి సెటప్ చేసే ఖర్చు, రూ.1,800 వాపసు, అద్దె గిటార్ ఖర్చు, కేసు ఖర్చులు, మితమైన పరిహారం. గిటార్ మొత్తం సొమ్ము రాదు, ఎందుకంటే మీ గిటార్‌కు నెక్ స్క్రూలతో బిగించినదే, విడిగా మార్చొచ్చు. చేజారిన క్రిస్మస్ ప్రోగ్రాముల్లో, అడ్వాన్స్ వెనక్కిచ్చినట్టు మెసేజో బదిలీయో ఉన్నవే లెక్కలోకి వస్తాయి.

నోటీసు అందాక కొత్త నెక్ వేసిస్తామని దుకాణం రాజీకి రావడానికి మంచి అవకాశం ఉంది, ఆ వాయిస్ మెసేజ్ సంగతి వాళ్లకూ తెలుసు కదా. వస్తే ఒప్పుకోండి. ఏ నెక్ వేస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో, ఎన్నాళ్లు గ్యారంటీ ఇస్తారో కాగితం మీద సంతకం తీసుకున్నాకే గిటార్ ఇవ్వండి. ఈసారి జాబ్ కార్డు తీసుకోండి. కొత్త నెక్ బిగించి, మీరు వాయించి చూసి, ఆ గ్యారంటీ ముగిసేదాకా పాత నెక్‌ను మాత్రం వాళ్ల దగ్గర వదిలి రావద్దు.