టైరు గోడ ఉబ్బింది, గ్రిప్పు మాత్రం బాగానే ఉంది. సుంకి ఘాట్ దిగొచ్చా?

మీరు అడిగింది ఇదీ: జయపురంలో ఉంటారు, వచ్చే వారం విజయనగరంలో పెళ్ళి, కారులో అయిదుగురు, పైగా సామాన్లు. ముందు ఎడమ టైరు పక్క గోడకి నిమ్మకాయంత ఉబ్బు కనబడింది. టైరు 28 వేల కిలోమీటర్లే తిరిగింది. పంక్చర్ షాపతను ఇంకో రెండు మూడు వేలు నడుస్తుందన్నాడు. నమ్మొచ్చా, మార్చాల్సొస్తే ఆ ఒక్కటీ మారిస్తే చాలా అని.

నమ్మకండి. ఆ టైరుతో ఘాట్ దిగకండి. దిగితే ఏమవుతుందో నేను చూసినవాణ్ణి.

మాది రాయగడ. అత్తవారిది బొబ్బిలి. అందుకని పార్వతీపురం రోడ్డులో నెలకి రెండు సార్లైనా తిరుగుతాను. కూనేరు నుంచి కొమరాడ దాకా లారీలు తొక్కి తొక్కి ఆ రోడ్డు ఏమైపోయిందో మీకూ తెలిసే ఉంటుంది. 2022 ఆగస్టులో, వాన వెలిసిన సాయంత్రం, నీళ్ళు నిండిన గోతిలో వెనక ఎడమ చక్రం ధన్‌మని పడింది. దిగి చూశాను, గాలి దిగలేదు, రిమ్ము వంగలేదు. రెండు రోజుల తర్వాత కారు కడుగుతుంటే గుడ్డ కింద చేతికి ఏదో మెత్తగా తగిలింది. ఉసిరికాయంత బుడిపె. నొక్కితే కొంచెం లోపలికి వెళ్ళి మళ్ళీ పైకొస్తోంది.

ఇక్కడి పంక్చర్ షాపులో చూపిస్తే అతను గ్రిప్పు మీద గోరు పెట్టి చూసి, "కిఛి హెబొ నాహి" అన్నాడు. ఏమీ కాదని. నిజానికి నాకు ఆ మాటే కావాలి, ఆ నెల చేతిలో డబ్బుల్లేవు. పదకొండు రోజులు అలాగే తిరిగాను.

పన్నెండో రోజు బొబ్బిలి నుంచి వస్తూ, కొమరాడ దాటాక, ఔటు పేలినట్టు శబ్దం. కారు వెనక భాగం ఒక పక్కకి ఈడ్చుకుపోయింది. స్పీడు యాభై లోపే ఉండబట్టి, ఎదురుగా ఏదీ రాకపోబట్టి బతికాం. బ్రేకు మీద కాలు వెయ్యలేదు. తెలివితో కాదు, భయంతో కాలు కదల్లేదు. తర్వాత తెలిసింది, అదే మంచిదైందని. టైరు పేలినప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే కారు చేతికి దొరకదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, వేగం దానంతట అదే తగ్గాక పక్కకి తియ్యాలి.

అసలు కథ ఆ తర్వాతుంది. డిక్కీలో బియ్యం బస్తా, రెండు సంచులు దింపి స్టెప్నీ తీస్తే అందులో గాలే లేదు. గోడ నిండా సన్నటి పగుళ్ళు. ఫోన్ లైటు వేసి చూస్తే 3113 అని ఉంది. అంటే 2013లో 31వ వారం తయారీ, తొమ్మిదేళ్ళ టైరు. కారుతో పాటు వచ్చింది, ఒక్క రోజూ బయటికి తియ్యలేదు. దేవుడిలా ఒక లారీ ఆగింది. క్లీనర్ కుర్రాడు లారీ గాలి ట్యాంకు నుంచి పైపు లాగి గాలి పట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. రాయగడ దాకా 30 దాటకుండా వచ్చాం. మా ఆవిడ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, అది ఇంకో టెన్షన్.

ఇప్పుడు మీ టైరు సంగతి. రోడ్డుకి ఆనే భాగం కింద స్టీలు తీగల పట్టీలు ఉంటాయి. పక్క గోడలో మామూలుగా అవి ఉండవు, రబ్బరు మధ్య పాలిస్టర్ దారాల అల్లికే ఉంటుంది. గోతి అంచుకీ రిమ్ముకీ మధ్య గోడ నలిగినప్పుడు ఆ దారాలు తెగుతాయి. తెగిన చోట గాలి బయటి రబ్బరుని తోస్తుంది, అదే మీకు కనిపించే ఉబ్బు. అంటే అక్కడ టైరుని పట్టి ఉంచుతున్నది వట్టి రబ్బరే. గ్రిప్పు ఎంత ఉన్నా దానికీ దీనికీ సంబంధం లేదు. షాపుల్లో లోపల పెద్ద ప్యాచ్ వేస్తామంటారు, వేయించుకోకండి. గోడకి రిపేరు లేదు. పంక్చర్ వెయ్యదగ్గది రోడ్డుకి ఆనే భాగంలోనే, అదీ మేకు దిగినంత చిన్న రంధ్రానికే.

పైగా మీరు వెళ్ళేది దిగుడు. పొట్టంగి దాటి సుంకి నుంచి సాలూరు వైపు దిగేటప్పుడు బరువంతా ముందు చక్రాల మీదికొస్తుంది. కుడి మలుపు తిరిగిన ప్రతిసారీ ఎడమ టైరు మీద ఇంకా ఎక్కువ. బ్రేకుల వేడి సరేసరి. మీ ఉబ్బు సరిగ్గా అక్కడే ఉంది.

అయితే గోడ మీద కనిపించేదంతా ప్రమాదం కాదు. పైకి ఉబ్బకుండా, లోపలికి సన్నటి సొట్టలా నిలువుగా కనిపించేది దారాల అల్లిక అతుకు, చాలా టైర్లకి ఉంటుంది. చేత్తో తడిమితే తేడా తెలిసిపోతుంది. మిగతా మూడింటినీ కూడా తడమండి, లోపలి వైపు మర్చిపోకుండా. ముందువాటికి స్టీరింగు పూర్తిగా తిప్పితే కనబడుతుంది, వెనకవాటికి నేల మీద పడుకుని టార్చి వేసుకోవాల్సిందే.

ఒక్కటి మారిస్తే చాలా అన్నారు. కొత్త టైరుకి గ్రిప్పు, అంటే గాడుల లోతు, సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ పాతవాటికి సగమే మిగిలి ఉండొచ్చు. ఒకే ఇరుసుకి ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది ఉంటే వానలో బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకి లాగొచ్చు. రెండు కొనండి. ఇక్కడ షాపువాళ్ళతో మీకు గొడవ తప్పదు, ఎందుకంటే వాళ్ళు కొత్తవి ముందు వేస్తామంటారు. స్టీరింగు ముందుంది కదా అని వాళ్ళ లెక్క. కొత్త రెండూ వెనకే వేయించండి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, కాలు తీస్తే మళ్ళీ పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరుగుతుంది, మనలాంటి డ్రైవర్లు దాన్ని ఆపలేరు. ఇప్పుడు వెనకున్న రెండూ ముందుకి, ముందు కుడి పక్కది బాగుంటే స్టెప్నీకి. సైజు ఒకటే అయితేనే లెండి. ఇప్పటి స్టెప్నీ అయిదేళ్ళు దాటి, పగుళ్ళు ఉంటే వదిలించుకోండి.

కొనేటప్పుడు ఆ నాలుగంకెల తేదీ చూడకుండా బిల్లు కట్టొద్దు. ఒక పక్కే ఉంటుంది చాలాసార్లు, తిప్పి చూడండి. నాకు ఒక్కోటి నాలుగున్నర వేలు పడింది, ఆ సైజు వేరు కాబట్టి మీకెంతో చెప్పలేను. వారంటీ మీద ఆశ పెట్టుకోకండి, గోతిలో పడి తెగినదాన్ని సాధారణంగా తయారీ లోపంగా ఒప్పుకోరు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అదే రోజు చేయించేయండి.

గాలి ఎంతన్నది డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. అయిదుగురూ సామానూ అంటే ఫుల్ లోడ్ అంకె చూడాలి. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. గాలి తక్కువైతే గోడ ఎక్కువ నలిగి వేడెక్కుతుంది, గోతుల్లో ముందు దెబ్బతినేవి అవే.

టైర్లు విప్పి బిగించిన తర్వాత 50, 100 కిలోమీటర్ల లోపు నట్లు మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. మీకు లెక్క బాగా కుదిరింది. పొట్టంగిలో టీకి ఎలాగూ ఆగుతారు, ఘాట్‌కి ముందు అక్కడే పానా వేసి చూడండి. అప్పుడు ఎవరైనా గాలి కొలిచి మూడు నాలుగు పాయింట్లు ఎక్కువుందంటే తీసేయనివ్వకండి, అది వేడికి పెరిగినదే.