గ్యాస్ లెక్కల్లో సెల్సియస్ ఎందుకు పనికిరాదు?

ప్రశ్న: పీడనం మార్చకుండా 2 లీటర్ల వాయువును 27 నుంచి 54 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే ఘనపరిమాణం 4 లీటర్లు ఎందుకు కాదు? ఉష్ణోగ్రత రెట్టింపైంది కదా!

రెట్టింపైంది అంకె మాత్రమే, ఉష్ణోగ్రత కాదు. సెల్సియస్‌లో సున్నా అంటే మంచు కరిగే చోటు, అంతే. అక్కడ వాయువుకు ప్రత్యేకంగా జరిగేదేమీ లేదు. ఛార్లెస్ నియమం ప్రకారం వాయువు ఒక్కో డిగ్రీకి, 0 డిగ్రీల దగ్గర తనకున్న ఘనపరిమాణంలో సుమారు 273వ వంతు చొప్పున పెరుగుతుంది; చల్లబడితే అంతే తగ్గుతుంది. గ్రాఫ్‌లో ఆ గీతను వెనక్కి పొడిగిస్తే మైనస్ 273.15 దగ్గర ఘనపరిమాణం సున్నా అవుతుంది. (నిజమైన వాయువైతే ఈలోపే ద్రవమైపోతుందనుకోండి.) కెల్విన్ స్కేలు మొదలయ్యేది అక్కడే. అందుకే సెల్సియస్ అంకెకు సుమారు 273 కలిపితే కెల్విన్ వస్తుంది.

కాబట్టి మీ లెక్కలో 300 కెల్విన్ కాస్తా 327 అయింది. 2 × 327 ÷ 300 = 2.18 లీటర్లు. 4 లీటర్లు కావాలంటే 600 కెల్విన్, అంటే 327 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి. ఇంకా డౌటుంటే మైనస్ 10 నుంచి 10 డిగ్రీలకు సెల్సియస్‌లోనే లెక్క కట్టి చూడండి. ఘనపరిమాణం మైనస్‌లో వస్తుంది!

పీడనంతోనూ ఇదే చిక్కు. టైరు గేజి చూపించేది వాతావరణ పీడనానికి పైన ఎంత ఉందన్నదే. గేజి 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిస్తే, సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం 14.7 కూడా కలిపి, గ్యాస్ సూత్రంలో వేయాల్సింది దాదాపు 44.7.