పొడవాటి కాడ మీది గుంటగలగర

చెల్లెమ్మకు,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. చెరువు కట్ట మీద మీ నాయనమ్మ వెనకాలే నడిచిన పేరా చాలా బాగుంది, అందులో ఒక్క మాట కూడా మార్చకు. ఆ తర్వాతి పేరాలో మాత్రం ఒక చోట ఆగిపోయాను. "గుంటగలగర పూలు పొడవాటి కాడల మీద గాలికి తలలూపుతున్నాయి" అని రాశావు. నువ్వు చూసింది గుంటగలగర కాదమ్మా, గడ్డిచామంతి.

ఫొటో కూడా చూడకుండా ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానని అనుకుంటావేమో. నీ వాక్యమే చెప్పింది. గుంటగలగర పువ్వుకు అంత కాడ ఉండదు. ఆకు మొదట్లోంచి పొట్టి కాడ వస్తుంది, దాని మీద చొక్కా గుండీ అంత తెల్లటి పువ్వు. రేకులు దారప్పోగుల్లా సన్నగా, చుట్టూ కిక్కిరిసి ఉంటాయి. నడుమ భాగం కూడా తెలుపే. గడ్డిచామంతికి జానెడు కాడ, దాని చివర ఒకే పువ్వు, మధ్యలో పసుపు. చుట్టూ ఎడమెడంగా ఐదారు రేకులు, ఒక్కో రేకు అంచున మూడు నొక్కులు. ముదిరాక దాని గింజలు దూది తోకతో గాల్లోకి లేస్తాయి. గుంటగలగర గింజకు ఆ దూది ఉండదు. నేల సంగతీ చూడు. గుంటగలగర తడిని వెతుక్కుంటుంది, వరి గట్లు, కాలువ ఒడ్లు దాని ఇల్లు. గడ్డిచామంతి అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చిన మొక్క. రోడ్డు పక్కన, గోడ పగుళ్లలో, ఎండిన కట్ట మీద ఎక్కడైనా బతికేస్తుంది. నువ్వు నడిచింది ఎండిన కట్ట మీదే కదా.

ఇంత చిన్న తేడాకు ఇంత పెద్ద ఉత్తరమా అనుకోకు. గుంటగలగర అనగానే మనవాళ్లకు తలనూనె గుర్తొస్తుంది. నీ మాట నమ్మి ఎవరో ఒకరు కట్ట మీద సంచి నింపుకుంటారు. వినాయక చవితి పత్రి సంగతి ఇంకా టెన్షన్ పెడుతుంది నన్ను. పూతకు రాని వయ్యారిభామ ఆకు, మాచిపత్రి ఆకు దూరం నుంచి ఒకేలా చీలికలు చీలికలుగా కనిపిస్తాయి. మాచిపత్రిని తిరగేస్తే అడుగున తెల్లటి నూగు, నలిపితే మంచి వాసన. వయ్యారిభామకు ఆ రెండూ ఉండవు, పైగా పట్టుకున్న చేతులకు దురద, దద్దుర్లు రావచ్చు. పూజ కోసం పిల్లలు కోసుకొచ్చే ఆకు గురించి రాసేటప్పుడు మన చేతిలో ఎంత బాధ్యత ఉందో చూడు.

అందుకే నీకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పువ్వును చూసి పేరు రాయొద్దు, మొక్కంతా చూశాకే రాయి. మన కంటికి ముందు రంగు తగులుతుంది, రంగు తగలగానే పేరు నోటికొచ్చేస్తుంది.

తంగేడునే తీసుకో. బతుకమ్మ పేర్చిన చేతులకు తంగేడు తెలియదా అంటావు. కానీ పొదలో ఐదు పసుపు రేకులు కనిపించిన ప్రతిసారీ అది తంగేడు కాదు. కసివిందకూ పసుపు రేకులే, తగిరిసకూ పసుపు రేకులే. పువ్వుల దగ్గరే నిలబడితే గంటైనా తేలదు. కిందికి దిగు. తంగేడు ఆకు కాడ కొమ్మను కలిసే చోట చిన్న చెవుల్లాంటి ఆకులు రెండు అంటుకుని ఉంటాయి. దాని శాస్త్రీయ నామంలోని 'ఆరిక్యులేటా' అనే మాట ఆ చెవుల్ని చూసి పెట్టిందే. తగిరిస ఆకుకు ఎక్కువగా మూడు జతల చిట్టి ఆకులే. అవి చివర వెడల్పుగా, గుండ్రంగా ఉండి చీకటి పడితే ముడుచుకుంటాయి. కసివింద చిట్టి ఆకులు కొస తేలి ఉంటాయి, నలిపితే చెడు వాసన. ఆకు కాడ మొదట్లో ఒక చిన్న బుడిపె కూడా కనిపిస్తుంది. ఇక కాయ దొరికిందంటే పని తేలికే. తంగేడు కాయ కాగితంలా పలచన, చదును. తగిరిస కాయ సన్నగా, పొడుగ్గా కొడవలిలా వంగి ఉంటుంది. నన్ను అడిగితే పువ్వు కంటే కాయ నమ్మకమైన సాక్షి. పూలు రాలాక కూడా ఒకసారి అదే పొద దగ్గరికి వెళ్లు.

పల్లేరు, ఏనుగుపల్లేరు కూడా ఇలాంటివే. పేరు కలిసింది, పూల పసుపు కలిసింది, ముళ్లకాయ కూడా కలిసింది. కానీ రెండూ వేరు వేరు కుటుంబాలు. పల్లేరు ఆకు చింతాకులా జతలు జతలుగా ఉంటుంది, ఏనుగుపల్లేరుది ఒకే ఆకు. ఏనుగుపల్లేరు కొమ్మతో నీళ్లు కలిపితే నీళ్లు జిగురుగా మారిపోతాయి.

వేళ కూడా ఒక గుర్తే. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక కథలో నా నాయిక సాయంత్రం పొలం నుంచి వస్తూ వెన్నదేవి నీలి పూలు కోసుకుంటుంది. కలుపు తీసే ఒక అమ్మ ఆ కథ ఎవరిచేతో చదివించుకుని ఉత్తరం రాయించింది. ఆ పూలు పొద్దున విచ్చి మధ్యాహ్నానికే వాడిపోతాయి, సాయంత్రం కోయడానికి ఏముంటాయి అని. ఆ ఉత్తరం ఇప్పటికీ దాచుకున్నాను. అదే దువ్వెన బెండ అయితే పొద్దు వాలే వేళకే విచ్చుకుంటుంది. సాయంత్రపు పువ్వు కావాలనుకుంటే నేను దాన్ని తీసుకోవాల్సింది.

పేర్ల దగ్గర ఇంకో చిక్కుంది. శంఖపుష్పి అంటే కొందరికి నేల మీద పాకే చిన్న నీలి పువ్వు, అంటే మన విష్ణుక్రాంతం. ఇంకొందరికి కంచెకు అల్లుకునే శంఖుపువ్వు తీగ. కాబట్టి పేరు ఎవరి నోట విన్నావో, ఏ ఊళ్లో విన్నావో రాసుకో, పక్కనే మొక్క రూపం కూడా రాయి. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లేదాకా మన సామర్లకోటలో మొక్కలు పెంచుతూ పరిశీలించాడు. లాటిన్ పేర్లతో పాటు తెలుగు పేర్లనూ రాసి పెట్టుకున్నాడు. ఆయన కోసం బొమ్మలు వేసిన మన చిత్రకారులు కొమ్మ వేసి ఊరుకోలేదు. పువ్వు విప్పి లోపలి భాగాలను, కాయను, గింజను విడివిడిగా వేశారు. నీకు బొమ్మ వేయడం రాకపోయినా అలాగే విడివిడిగా చూడటం అలవాటు చేసుకో.

ఫోన్‌లో ఫొటో తీస్తే పువ్వు ముఖం ఒక్కటే తీయకు. పువ్వు వెనక వైపు, ఆకు అడుగు, ఆకు కొమ్మను కలిసే చోటు, కాయ, మొత్తం మొక్క అన్నీ తీయి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. పేరు చెప్పే యాప్‌కు పువ్వు ముఖం ఒక్కటే చూపిస్తే అది కూడా నీలాగే పొరబడుతుంది. పదింతలు చూపించే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కో. తెలియని మొక్కను నోట్లో పెట్టుకోవద్దు, అది మాత్రం ఒట్టు.

ఎంత చూసినా తేలకపోతే పేరు రాయకుండా వదిలేయి. "పొడవాటి కాడల మీద తెల్ల రేకుల, పసుపు నడుము పూలు" అని రాసి ఉంటే నీ వాక్యంలో తప్పే ఉండేది కాదు, పైగా చదివేవాళ్లకు పువ్వు కళ్లకు కట్టేది.

ఈ ఆదివారం మళ్లీ వెళ్లు. నాయనమ్మ రాగలిగితే ఆమెనూ తీసుకెళ్లు. కట్ట దిగి తూము దగ్గర తడి నేలలో వెతుకు. గుంటగలగర దొరికితే రెండు ఆకులు నలిపి వేళ్లు చూసుకో. ముందు ఆకుపచ్చగానే ఉంటుంది, కాసేపు ఆగు. వేళ్లు నల్లబడ్డాక వ్యాసం దిద్ది నాకు పంపు.

ప్రేమతో,
నీ అక్క